దక్షిణ సముద్రంలో దొంగ దీవి

“నరహరీ! నేటి నుంచి జంట నగరాల నేరగాళ్లకు కంటి మీద కునుకుండదు. ఎందుకంటే ఈ రఘువీర్ కళ్లు తెరిచాడు!”

యూనివర్సిటీ క్యాంటీన్‌లో కుర్చీ ఎక్కినంత పనిచేసి ప్రకటించాడు రఘువీర్.

“మధ్యాహ్నమైంది. గిప్పుడా తెరిచేది?” అన్నాడు నరహరి సమోసా విరుస్తూ. తార్నాకలో రఘువీర్‌తో ఒకే పోర్షన్‌లో అద్దెకుంటున్న పాపానికి, ఈ స్వయంప్రకటిత డిటెక్టివ్ గారి అసిస్టెంట్ పదవి అతని నెత్తిన పడింది.

అంతలో సుధామయి వచ్చింది. జాగ్రఫీ ఎమ్మే చదివే ఆ కడప అమ్మాయి ముఖం కందగడ్డలా ఉంది.

“మన పటంలో ఎవరో దీవి గీసినారు! ఇప్పుడే ఓనరమ్మతో మీ గది తాళం తీయించుకొని చూసి వస్తున్నా. మొన్న చిన్న చుక్కంత కనబడితే ఊరుకున్నా, ఇప్పుడు పెద్దదైంది.”

ప్రతి ఆదివారం వీళ్లంతా నరహరి గదిలో చేరి, పాచికలు వేస్తూ, మంత్రగాళ్లుగా, యోధులుగా ఓ కల్పిత లోకంలో తిరిగే ఆట ఆడతారు. ఆట తయారుచేసినవాళ్లు ఆ లోకానికి పటం ఇవ్వలేదు. అందుకని సుధామయి, ఆమె స్నేహితుడు దిలీప్ కలిసి ఏడాదిపాటు కొండలూ కోటలూ గీసి, రంగులద్ది, ఆ గది గోడకు అంటించారు. వచ్చే ఆదివారం ఊళ్లోని ఆటగాళ్లంతా దాన్ని చూడ్డానికి వస్తున్నారు. సరిగ్గా ఇప్పుడే, ఖాళీగా ఉండాల్సిన దక్షిణ సముద్రంలో, గోధుమరంగు తీరంతో సహా ఓ దీవి లేచింది.

“అక్కడ దీవి కావాలని అడిగిందెవరు?” రఘువీర్ కళ్లు చిట్లించాడు.

“దిలీప్. నేనే వద్దంటి.”

“రక్తం గడ్డకట్టే కుట్ర!”

“రంగు గడ్డకట్టిందేమో,” అన్నాడు నరహరి. ఎవరూ వినలేదు.

దిలీప్ లైబ్రరీ మెట్ల మీద దొరికాడు.

“దీవిలో నీ వాటా ఎంత? నిజం కక్కు!”

“ఏంది భయ్యా, పాగలైనవా?”

“నేరస్థుడు ఎప్పుడూ ఎదురుప్రశ్నే వేస్తాడు. రాసుకో నరహరీ.”

“పెన్ను నీ జేబులనే ఉన్నది.”

దిలీప్ సుధామయి వైపు తిరిగాడు. “నువ్వు గూడ నేనే అంటున్నవా?”

“అక్కడ దీవి కావాలన్నది నువ్వే కదప్పా,” అంది ఆమె నేల చూస్తూ.

“మంచిది. పటం నువ్వే ఉంచుకో. ఇగ నేను రాను.” బ్యాగు భుజాన వేసుకొని వెళ్లిపోయాడు.

నరహరికి మనసు చివుక్కుమంది. నది ఒంపు ఒంపుకీ పోట్లాడుకొని, మళ్లీ ఒకే టిఫిన్ బాక్సులో తినే జంట అది.

“కేసు సగం తేలింది,” అన్నాడు రఘువీర్.

“ఆట మొత్తం మునిగింది,” అన్నాడు నరహరి.

సాయంత్రం గదిలో, సుధామయి ముందే, రఘువీర్ వల పన్నాడు. నేరస్థుడు పటం ముట్టుకోగానే మోగేలా ఓ గంట కట్టాలట. పటం పక్కనే గోడకు మేకు ఆనించాడు.

“అరే, అది బాత్రూం గోడరా...”

నరహరి మాట పూర్తి కాకముందే సుత్తి దెబ్బ పడింది. గోడ పెచ్చు పళ్లెమంత ఊడి కిందపడింది. దాంతోపాటు జారుతున్న పటాన్ని నరహరి రెండు చేతులా ఒడిసిపట్టాడు. నీళ్లు జివ్వున ఎగజిమ్మి డిటెక్టివ్ ముఖాన్ని కడిగేశాయి.

ఓనరు వనజమ్మ పరుగున వచ్చి వాల్వు కట్టేసింది. “పొద్దుగాల నింపిన టాంకీ మాపటికల్ల ఎట్ల ఖాళీ అయితున్నదని పరేషానైతున్న. గీ పైపు ఎప్పటిసంది కారుతున్నదో!”

పటం ఉన్నచోట గోడ మీద పెద్ద చెమ్మ మరక. నరహరి పటాన్ని దాని పక్కన పెట్టి చూశాడు. దీవి ఎంతో మరక అంతే. అదే వంపు, అదే కొన. లోపలి నుంచి ఊరిన చెమ్మ రంగును అంచులకు తోసి తీరం గీసింది.

సుధామయి అక్కడే నిలబడి ఫోన్ చేసింది. “దిలీపూ, గీసింది నువ్వు కాదప్పా, గోడ. నిన్ను అడక్కుండానే నువ్వే అని నమ్మేస్తి. తప్పు నాదే. రావా?”

దిలీప్ వచ్చాడు. పటం ముందు కూర్చొని దీవి అంచు వెంబడి వేలు పోనిచ్చాడు. “తీరం మస్తుగొచ్చింది. నేను గీసినా ఇంత మంచిగ రాకపోతుండె,” అన్నాడు.

సుధామయి తన కుంచె అతని చేతిలో పెట్టింది. “దీవి ఉండనీ. ఓడరేవు నువ్వే గీయి.”

“నేరస్థుణ్ని గోడలోంచి బయటికి లాగిందెవరో చరిత్ర మరిచిపోకూడదు!” చొక్కా పిండుకుంటూ అన్నాడు రఘువీర్.

చీపురుతో నీళ్లు తోస్తున్న వనజమ్మ పటం మీదికి వంగింది. “గిది ఏ ఊరు బిడ్డా?”

“కొత్త దీవి ఆంటీ. ఇంక పేరు పెట్టలే,” అన్నాడు దిలీప్.

“పేరుదేమున్నది గానీ, గాడ ప్లంబర్ దొరుకుతడా? గీడైతే ఒక్కడు ఫోన్ ఎత్తుతలేడు.”