నీళ్ళు మోసే పోలయ్యకు పసుపు చొక్కా

ఒక పెద్ద అడవిలో, ఎంత పెద్దదంటే సైకిలు మీద చుట్టి రావడానికి ఏడు రోజులు పట్టే అడవిలో, ఏటా సైకిలు పందెం జరిగేది. జంతువులు సైకిలెలా తొక్కుతాయండీ అని నన్నడక్కండి. అడవిలో ఎన్నికలయ్యాయంటే ఊఁ కొట్టారు, మంత్రివర్గం ఏర్పడిందంటే ఊఁ కొట్టారు, సైకిలు దగ్గరికొచ్చేసరికి అనుమానాలా?

పందెం పద్ధతి తేలికే. రోజుకో దారి. ఆ రోజు ముందొచ్చినవాడికి పూలదండ. కానీ అసలు గెలుపు అది కాదు. ఏడు రోజులకూ పట్టిన సమయమంతా కూడితే ఎవరికి తక్కువైతే వాడిదే పసుపు చొక్కా. పక్షులు రెక్క విప్పితే జట్టు జట్టంతా ఔటు, లేకపోతే ఏటా కాకే గెలిచేది. సమయం రాసే ఉద్యోగం తాబేలుది. ఆలస్యం గురించి దానికి తెలిసినంత ఇంకెవరికి తెలుసు?

ఏటిజట్టుకు నాయకుడు దుప్పి జయసింహులు గారు. దుప్పికి సింహం పేరేమిటంటే, పెట్టుకున్నది ఆయనే. జట్టులో మిగతావాళ్ళు గెలవడానికి రాలేదు, ఆయన్ని గెలిపించడానికి వచ్చారు. వాళ్ళందరిలో ఒళ్ళు హూనమయ్యేది దున్నపోతు పోలయ్యకే.

ఎదురుగాలి వస్తే పోలయ్య ముందుకెళ్ళి తన ఒళ్ళు అడ్డం పెట్టేవాడు. జయసింహులు దొరగారు ఆ వీపు చాటున పాట పాడుకుంటూ తొక్కేవారు. దొరగారికి దాహమేస్తే పోలయ్య వెనకబడి, జట్టు వెనకే వచ్చే సామాను బండి దగ్గర సొరబుర్రల నిండా నీళ్ళు తీసుకుని, మెడకు తగిలించుకుని, మళ్ళీ రొప్పుతూ వచ్చి కలిసేవాడు. దొరగారి చక్రంలో ముల్లు దిగితే తన చక్రం ఊడదీసి ఇచ్చేవాడు. చివరి మలుపు దాకా లాక్కొచ్చి పక్కకి తప్పుకుంటే, దొరగారు కొమ్ములెగరేసి గీత దాటేవారు. పది లెక్కపెట్టేలోగా వెనకే పోలయ్య దాటేవాడు. ఆ సమయం కూడా తాబేలు రాసేది. చదివేవాళ్ళే లేరు.

ఇంకో సంగతి. దారి పక్కన జనం కనబడితే చాలు, దొరగారు ముందుకొచ్చేవారు. "పోలయ్యా, నీళ్ళు!" అని వాణ్ణి వెనక్కి పంపేవారు.

దాంతో వచ్చింది తంటా. పోలయ్య ఊరు బురదమడుగు. ఆరో రోజు దారి ఏటా దాని పక్కనుంచే పోతుంది. బయల్దేరే ముందు పెళ్ళాం నూకాలమ్మ కడిగేసింది.

"ఐదేళ్ళుగా పోతున్నావు. ఒక్క ఏడాదైనా ముందు వరసలో నీ ముఖం కనబడిందా? ఆ దుప్పి కొమ్ములు చూసీ చూసీ నా కళ్ళు కాయలు కాశాయి. అందరూ పోయాక నువ్వు బుర్రలేసుకుని వస్తావు. 'మీ ఆయన పందెంలో ఉన్నాడా, నీళ్ళ కావిట్లో ఉన్నాడా?' అని అవతలి మడుగు గేదెలు నవ్వుతున్నాయి."

"ఈసారి ముందే వస్తానే. నీ మీదొట్టు."

"నా మీద ఒట్టెందుకయ్యా, నీ మీదే వేసుకో!"

అడవిలో ఒక ఆనవాయితీ ఉంది. ఎవడి ఊరి మీదుగా పందెం పోతుంటే వాణ్ణి గుంపులోంచి కాస్త ముందు పోనిస్తారు. ఇంటివాళ్ళని పలకరించుకుని మళ్ళీ వచ్చి కలుస్తాడు. ఆరో రోజు పొద్దున్నే పోలయ్య తల వంచుకుని అదే అడిగాడు.

"ఆనవాయితీలు నీకు కావు పోలయ్యా," అన్నారు దొరగారు. "పైగా ఇవాళ చావోరేవో. ఆ కొండజట్టు చిరుత నా కంటే నిమిషం ముందుంది."

పోలయ్య మెడలో బుర్రలు సవరించుకున్నాడు. నూకాలమ్మకు ఏ ముఖం చూపించాలి?

అప్పుడు బండిలోంచి కొంగ పరంధామం దగ్గింది. జట్టుకు ఎత్తులు చెప్పేది ఆయనే. ఒంటికాలి మీద నిలబడి కళ్ళు మూసుకుంటే అందరూ ఆలోచిస్తున్నాడనుకునేవారు.

"పోనివ్వండి దొరా. వీణ్ణి ఎర వేద్దాం. వీడు ముందు పరిగెత్తితే చిరుత జట్టు కంగారుపడి తరుముతుంది. తరిమి తరిమి నాలుకలు బయటపెడుతుంది. మీరు వాళ్ళ వెనకే సుఖంగా వచ్చి, చివర్లో ఒక్క దూకు!"

"శభాష్!" అన్నారు దొరగారు.

కొంగ పోలయ్య వైపు తిరిగింది. "విను. వెనక్కి చూడొద్దు. నేను ఆగమనేదాకా ఆగొద్దు. అర్థమైందా?"

"చిత్తం బాబూ," అన్నాడు పోలయ్య. మెడలో జట్టు మొత్తానికి సరిపడా నీళ్ళబుర్రలున్నాయి. వాటిని దించి పొమ్మని ఎవరూ అనలేదు. అనలేదు కాబట్టి వాడూ దించలేదు.

దూసుకుపోయాడు పోలయ్య. ఏం తొక్కుడు! ఎవణ్ణీ వెనకేసుకోకుండా తొక్కడం అదే మొదటిసారి.

గుంపులో చిరుత అది చూసి ఆవులించింది.

"ఎవరది?"

"ఏటిజట్టు పోలయ్య, అక్కా."

"నీళ్ళకి పోతున్నాడులే. రండి, నెమ్మదిగా."

ఎవరూ తరమలేదు. కొంగకు చెమట పట్టింది. "మన వాళ్ళని తరమమందామా?" అన్నారు దొరగారు. సొంత జట్టువాణ్ణి తరమకూడదు, అడవిలో అంతకంటే తలవంపు లేదు.

"మీరు ముందుండి గుంపుని లాగండి," అన్నారు దొరగారు చిరుతతో.

"పోయినవాడు మీవాడు. మీరే లాగండి."

"ముందు మీరు."

"అబ్బే, మీ తరవాతే."

మర్యాదలతో మధ్యాహ్నమయింది. ఎండ మాడ్చేస్తోంది. "పోలయ్యా, నీళ్ళు!" అని అలవాటు కొద్దీ అరిచారు దొరగారు. పోలయ్య రెండు కొండల అవతలున్నాడు, నీళ్ళతో సహా. ఆపడానికి కొంగకు రెక్కలున్నాయి గానీ విప్పితే జట్టంతా ఔటు.

బురదమడుగు దగ్గర నూకాలమ్మ గట్టు మీద నిలబడి ఉంది, పక్కన అవతలి మడుగు గేదెలు. దుమ్ములోంచి ఒక్క సైకిలు వచ్చింది.

"ఓలమ్మో, మా ఆయనే! చూడండర్రా, మా ఆయనే!"

"నూకాలూ!" అని అరిచాడు పోలయ్య. సంతోషంతో వాడికి కళ్ళు మసకబారాయి.

"తక్కినవాళ్ళేరయ్యా?"

"వెనకే వస్తున్నారే!"

"ఎక్కడ? కనుచూపు మేరలో ఈగైనా లేదు! కాసేపు ఆగు, పచ్చగడ్డి కోసి ఉంచాను."

"కొంగబాబు ఆగమనలేదే!" అంటూనే సాగిపోయాడు. నూకాలమ్మ ముక్కు మీద వేలేసుకుంది, అయినా ఆ రోజంతా ఆమె తల దించలేదు.

చివరి మలుపులో పోలయ్య అలవాటుగా పక్కకి తప్పుకున్నాడు. దొరగారు రావాలిగా! ఎవరూ రాలేదు. వెనక్కి చూడొద్దన్నారు. సిగ్గుపడుతూ తనే గీత దాటాడు. దాటినా ఆగలేదు. మైలు దూరం పోయాక ఏనుగు అడ్డంగా నిలబడితే గానీ ఆగలేదు.

గుంపు అరగంట తరవాత వచ్చింది. తాబేలు కళ్ళజోడు సవరించుకుని, మొట్టమొదటిసారి చిట్టా అడుగు దాకా చదివింది.

"ఐదు రోజులుగా దొరగారి వెనక రోజుకి పది లెక్కలు, అంతే. అంటే నిమిషం కూడా లేదు. ఇవాళ అరగంట ముందు. పసుపు చొక్కా పోలయ్యది."

"కుట్ర!" అని అరిచారు దొరగారు ఎండిన గొంతుతో. "ఈ నీళ్ళు మోసేవాడికి అంత మంచి సమయం ఎలా వచ్చింది?"

"తమరినే లాక్కొచ్చాడు కదండీ," అంది తాబేలు. "తమరి సమయమే వాడిదీను."

కొంగ వెంటనే కళ్ళు మూసుకుని, "మొదటినుంచీ నా ఎత్తు ఇదే," అని ప్రకటించింది.

ఏడో రోజు చిక్కొచ్చి పడింది. చొక్కా ఎవడిదైతే జట్టంతా వాడికే చాకిరీ చేయాలి. దొరగారు పళ్ళు కొరుకుతూ ముందుకెళ్ళి గాలికి అడ్డం నిలిచారు. గాలేమో ఆ కొమ్ముల సందుల్లోంచి దూరి తిన్నగా పోలయ్య ముఖానికే కొట్టింది.

రెండు మైళ్ళు ఓర్చుకున్నాడు పోలయ్య. "దొరా, తమరి వెనక కంటే ముందే హాయిగా ఉంది. జరగండి బాబూ," అని ముందుకెళ్ళి, జట్టునంతా లాక్కొచ్చి, చివరి మలుపులో మళ్ళీ పక్కకి తప్పుకున్నాడు. అలవాటు ఒక్క రోజులో పోతుందా? ఆ రోజు పూలదండ దొరగారికే పడింది. ఆయన జనానికి కొమ్ములూపి, పందెమంతా తనే గెలిచినట్టు ఉపన్యాసం ఇచ్చారు.

పసుపు చొక్కా మాత్రం తాబేలు చిట్టా ప్రకారం పోలయ్యకే వచ్చింది. దుప్పి కొలతకు కుట్టింది కావడంతో వాడి మెడకు కూడా పట్టలేదు. నూకాలమ్మ దాన్ని వాడి కొమ్ముకు జెండాలా కట్టి, అవతలి మడుగు మీదుగానే ఇంటికి తీసుకెళ్ళింది. అది చుట్టుదారి అని పోలయ్య గొణిగినా వినలేదు.

నీతి: మీ నాయకుడు చెప్పిన మాట పొల్లుపోకుండా పాటించండి, ఆయన్ని ఓడించడానికి అంతకంటే మంచి ఉపాయం లేదు.