మేజోళ్ల కేసులో గోధుమరంగు మేక

"ఈ పామీరు కొండల్లో నేరం ఇంకా ఊపిరి పీలుస్తోందంటే, నేను పొద్దున కాస్త ఆలస్యంగా నిద్రలేస్తాను కాబట్టే," అని ప్రకటించాడు కిమ్మత్‌షో, ఉప్పు వేసిన పాల టీలో రొట్టె ముంచుతూ. "ఈవేళ తొందరగా లేచాను. ఇక దానికి నూకలు చెల్లాయి."

"గడ్డం మీద వెన్న కారుతోంది, తుడుచుకో," అంది అతని అక్క షకర్‌మో.

కిమ్మత్‌షో తుడుచుకోలేదు. మేధావులు తుడుచుకోరు.

ఎదురుగా కూర్చున్న సబ్జలీ టీ గిన్నెలోకి చూస్తున్నాడు. షకర్‌మోకి ఒక్కగానొక్క కొడుకు, కిమ్మత్‌షోకి మేనల్లుడు, ఎల్లుండి పెళ్లికొడుకు. ఖోరోగ్ రోడ్డు మీద అద్దె జీపు తోలతాడు. గుమ్మంలో పట్టని భుజాలు, గుబురైన గోధుమరంగు మీసం. మామయ్య మాట్లాడినప్పుడల్లా అతని లోపల ఎవరో చల్లగా, చిన్నగా నవ్వుతుండేవారు. ఇవాళ ఆ నవ్వు రావడం లేదు.

మామయ్య పట్టుకోబోతున్న నేరస్థుడు తనే.

పెళ్లికూతురు తన చేత్తో అల్లిన మేజోళ్లు పెళ్లికొడుకు తరఫు వాళ్లందరికీ కానుకగా పంపాలి. మోకాళ్ల దాకా వచ్చే ఎరుపూ నలుపూ తెలుపూ మేజోళ్లు. నిన్న పెళ్లికూతురు నాజ్‌బేగిమ్ ఇంటి నుంచి మూట వచ్చింది. చుట్టాలంతా ఆహా ఓహో అన్నారు. షకర్‌మో మాత్రం ఒక జత తీసి, తిరగేసి, మడమ దగ్గర వేలు పెట్టి ఆగిపోయింది.

"ఇది నా అల్లిక," అంది.

మడమ మలుపు ఒక్కో ఇంట్లో ఒక్కో తీరుగా ఉంటుంది. షకర్‌మోకి వాళ్లమ్మ నుంచి వచ్చింది. ఆమెకు కూతుళ్లు లేరు. ఎవరికీ నేర్పలేదు. అంటే ఇవి ఆమె భోషాణంలోంచి పోయినవే. అంటే కాబోయే కోడలు దొంగ. అంటే పెళ్లి లేదు. షకర్‌మో ఆలోచన ఎప్పుడూ ఇలాగే మెట్లు దిగినట్టు దిగుతుంది, మధ్యలో ఎక్కడా కూర్చోదు.

నిజం అంతకంటే చిన్నది. నాజ్‌బేగిమ్ కరెంటు స్తంభాలెక్కే మనిషి. పటకారు పట్టడం వచ్చుగానీ సూది పట్టడం రాదు. బజార్లో కొంటానంది. అమ్మ పట్టేస్తుంది, నేను అల్లిస్తాలే అన్నాడు సబ్జలీ. ఎవరిచేత అని ఆమె అడిగితే, ఎవరికీ చెప్పనని మాట తీసుకున్నాకే తన చేతులు చూపించాడు.

చిన్నప్పుడు కాలు విరిగి ఒక చలికాలమంతా పొయ్యి పక్కన పడుంటే, అతని అల్లరి భరించలేక తల్లే చేతిలో కొక్కెం సూది పెట్టింది. మంచు కరిగాక ఇంటికొచ్చిన నాన్న స్నేహితుడొకడు చూసి నవ్వాడు. ఒక్క నవ్వే. ఆ తరవాత సబ్జలీ కుస్తీ నేర్చాడు, మీసం పెంచాడు, గొంతు లావు చేసుకున్నాడు. ఆ ఒక్క నవ్వుకి కాపలాగా ఇంత పెద్ద మనిషిని కట్టుకున్నాడు. కానీ కొండచరియ పడి రోడ్డు మూసుకుపోయినప్పుడల్లా జీపు కిటికీలకి తెర దించి అల్లుకునేవాడు. తల్లి మాత్రం ఆ చలికాలాన్ని మరిచిపోయింది. ఆ నవ్వు ఆమె కూడా విన్నది మరి. మరిచిపోవడం కూడా ఒక పనే, ఆమె ఏ పనైనా శుభ్రంగా చేస్తుంది.

"నాకు నమ్మకమైన అసిస్టెంటు కావాలి," అన్నాడు కిమ్మత్‌షో. "గుండె ధైర్యం ఉన్నవాడు. బుర్ర లేకపోయినా ఫరవాలేదు, ఆ విభాగం నేను చూసుకుంటా. లేవరా అల్లుడూ!"

సబ్జలీ లేచాడు. ఏం చేస్తాడు?

కిమ్మత్‌షో ఉద్యోగంలో ఉన్నన్నాళ్లూ ఊరి క్లబ్బులో సినిమాలు ఆడించాడు. మెషిను గది కన్నంలోంచి ప్రపంచంలోని డిటెక్టివులందరినీ చూశాడు. మంచు వల్ల చివరి రీలు తరచూ ఊరికి చేరేది కాదు. అందుచేత దర్యాప్తు ఎలా మొదలుపెట్టాలో ఆయనకి క్షుణ్ణంగా తెలుసు, ఎలా ముగుస్తుందో మాత్రం తెలియదు. క్లబ్బు మూతపడ్డ రోజున కోటు కాలరు పైకెత్తాడు, మళ్లీ దించలేదు.

ముందు భోషాణం మీద వేలిముద్రల కోసం ఎండు మల్బరీ పళ్ల పిండి చల్లాడు. చల్లాక తుమ్మాడు. పిండంతా అక్క మొహం మీద పడింది.

"పిండి ఎంత పోసావురా తగలెయ్య!"

"అక్కా, విచారణ జరిగేచోట బంధుత్వాలు లేవు."

తరవాత మేజోడు ముక్కుకి ఆనించి కళ్లు మూసుకున్నాడు. "ఆహా! అల్లుడూ, వాసన చూడు. ఏమిటది?"

సబ్జలీ వాసన చూడక్కర్లేదు. "డీజిల్," అన్నాడు నీరసంగా.

"డీజిల్! ఈ ఊళ్లో డీజిల్ కంపు కొట్టేది ఎవరు?"

డీజిల్ మరక ఉన్న సబ్జలీ చొక్కా మామయ్య ముక్కుకి జానెడు దూరంలో ఉంది.

"జనరేటర్!" అన్నాడు కిమ్మత్‌షో. "కరెంటు ఆఫీసు! ఆ పిల్ల! చూశావా, గొలుసు ఎలా బిగుస్తోందో!"

గండం గడిచింది, కానీ ఊరట రాలేదు. వచ్చింది చిరాకు. ఇంత స్పష్టంగా నిలబడ్డా కనిపించకపోవడం కూడా ఒక అవమానమే. ఇంత మూర్ఖుడి దగ్గర దాక్కోవడం సబ్జలీకి చిన్నతనంగా అనిపించింది.

అంతలో మామయ్య మేజోడు అల్లికలోంచి ఒక వెంట్రుక లాగాడు. గోధుమరంగు, కాస్త వంకీ. దాన్ని కప్పులో పొగ పోయే కన్నంలోంచి పడుతున్న వెలుతురుకి ఎత్తిపట్టి, పక్కనే ఉన్న మేనల్లుడి మొహం కేసి చూశాడు. మళ్లీ వెంట్రుక కేసి చూశాడు. మళ్లీ మొహం.

"మేక," అన్నాడు.

"మేకా?"

"గోధుమరంగు మేక. ఈ మేక ఎక్కడుంటే ఈ ముఠా అక్కడుంటుంది. నీకు అర్థం కాదులే, నీ మొహంలో ఏమీ లేదు."

మధ్యాహ్నం నాజ్‌బేగిమ్‌ని ప్రశ్నించడానికి వెళ్లారు. ఆమె నదిగట్టున ఒక స్తంభం మీద, నడుముకి పట్టా కట్టుకుని, తీగ బిగిస్తోంది. నదికి అవతల గట్టు అఫ్ఘనిస్తాన్. అక్కడ ఒక ముసలాయన గాడిదని ఆపి మరీ చూస్తున్నాడు.

"దిగు!" అని అరిచాడు కిమ్మత్‌షో. "చట్టం పిలుస్తోంది!"

"చట్టానికి తొందరైతే ఎక్కి రమ్మనండి మామయ్యా! స్తంభం గట్టిదే!"

కిమ్మత్‌షో స్తంభాన్ని పైనుంచి కింది దాకా చూసి, గొంతు సవరించుకున్నాడు. "ఆ మేజోళ్లు నువ్వు అల్లావా?"

"లేదు."

ఇంత తొందరగా ఒప్పుకుంటే ఏం చెయ్యాలో సినిమాల్లో చూపించలేదు. మామయ్య మేనల్లుడి కేసి చూశాడు. మేనల్లుడు తన బూట్ల కేసి చూశాడు.

"మరి దొంగిలించావా?"

"లేదు."

"మరి ఎవరల్లారు?"

నాజ్‌బేగిమ్ కిందికి చూసింది. మామయ్యని కాదు. "అల్లినవాళ్లు చెప్పాలి. నేను చెప్పనని మాటిచ్చాను. నిన్నటి నుంచి ఊరు ఊరంతా నన్ను దొంగంటున్నా ఆ మాట మీదే ఉన్నాను. సాయంత్రం మీ ఇంటికొస్తాను. అప్పటికీ అల్లినవాళ్లకి నోరు పెగలకపోతే మేజోళ్లు మీరే ఉంచుకోండి. పెళ్లి నాకొద్దు."

సబ్జలీ నోరు తెరిచాడు. చెప్పాల్సిన మాట చిన్నది, నాలిక చివర ఉంది. ఆ చివరనే, ఎన్నో ఏళ్ల కిందటి ఆ నవ్వు కూడా ఉంది. నోరు మూసుకున్నాడు. నాజ్‌బేగిమ్ అది చూసింది. తీగ వైపు తిరిగింది.

"విన్నావా?" మామయ్య అతని భుజం పట్టి ఊపాడు. "నోరు పెగలదట! అల్లింది మూగది! గోధుమరంగు మేకని పెంచే మూగ ఆడమనిషి! పద!"

దారంతా మామయ్య మేకల్ని ఆపి గడ్డాలు పరీక్షించాడు. ఒకటి ఆయన కాలరు కొరికింది. సబ్జలీ వెనక నడుస్తూ ఆయన్ని ఎంత అసహ్యించుకోగలడో అంతా అసహ్యించుకున్నాడు. ఊరి మొగలో పిల్లలూ పెద్దలూ మామయ్యని చూసి పగలబడి నవ్వారు. ఆయన వాళ్లకి టోపీ ఎత్తి సలాము చేశాడు. సబ్జలీ ఆగిపోయాడు. ఈ మనిషిని చూసి ఊరు రోజూ నవ్వుతుంది, ఈయన రోజూ భోంచేసి నిద్రపోతాడు. తనని చూసి ఒక్కడు, ఒక్కసారి నవ్వాడు. ఆ ఆలోచన నచ్చలేదు. దాన్ని పక్కకి తోసి, మామయ్య పరీక్షకి ఆపిన మేక కాళ్లు పట్టుకున్నాడు.

సాయంత్రం ఇల్లు నిండిపోయింది. ఇంటి మధ్య కప్పుని మోసే స్తంభాల చుట్టూ ఉన్న అరుగుల మీద చుట్టాలు సర్దుకున్నారు. షకర్‌మో పొయ్యి పక్కన, ఒళ్లో ఏదో సగం అల్లిక, చేతిలో కొక్కెం సూది. నాజ్‌బేగిమ్ పని బట్టల్లోనే వచ్చి, రబ్బరు బూట్లు గుమ్మం దగ్గర విడిచి, గుమ్మం పక్కనే కూర్చుంది. తొందరగా వెళ్లిపోవాల్సినవాళ్లు కూర్చునే చోటు అది.

కిమ్మత్‌షో ఇంటి నడిమధ్య నిలబడ్డాడు.

"బంధుమిత్రులారా! ఈ కప్పు కింద ఒక కరడుగట్టిన హస్తం ఉంది. ఆ హస్తం రహస్యం ఈ ముడిలో ఉంది!" మేజోడు ఎత్తి, పై అంచున ఉన్న ముడిని చాకుతో టక్కున కోశాడు. "ఈ దారమే మనల్ని దోషి దాకా తీసుకెళుతుంది!"

దారం చివర వేలికి చుట్టుకుని, చేతులు వెనక్కి కట్టుకుని పచార్లు మొదలుపెట్టాడు. ఒక స్తంభం చుట్టూ తిరిగాడు. మేక గురించి చెప్పాడు. ఇంకో స్తంభం చుట్టూ తిరిగాడు. మూగదాని గురించి చెప్పాడు. కింద పడ్డ మేజోడు ఆయన వెనకే తోక తెగిన బల్లిలా గెంతుతూ పొట్టిదైపోతోంది. అందరూ ఆయన మొహమే చూస్తున్నారు.

సబ్జలీ మేజోడుని చూస్తున్నాడు. ఎర్ర వరస పోయింది. అది రోడ్డు మూసేసిన రోజుల్లో అల్లింది, వేళ్లు కొంకర్లు పోతుంటే. తెల్ల వరస పోయింది. ఇప్పుడు మడమ ఊడిపోతోంది. అతను ఏమీ నిర్ణయించుకోలేదు. తరవాత ఎన్నిసార్లు గుర్తు చేసుకున్నా నిర్ణయించుకున్నట్టు గుర్తు రాలేదు. ఉన్నట్టుండి నేల మీద పడి, ఊడిపోతున్న కుట్టుని వేలితో అదిమిపట్టి, తల్లి చేతిలోని సూది లాక్కుని, అల్లడం మొదలుపెట్టాడు.

అంత లావు వేళ్లు అంత వేగంగా కదలడం ఆ ఇంట్లో ఎవరూ చూడలేదు. ఒక వరస అయిపోయింది. మడమ మలుపు తిరిగింది. అప్పుడు గానీ ఇల్లంతా తన చేతుల్నే చూస్తోందని అతనికి తెలియలేదు.

"దారం ఎడం వేలి మీద నుంచి," అంది షకర్‌మో అప్రయత్నంగా. అని, ఆగింది. ఆమె మొహంలో ఒక చలికాలం మెల్లగా తిరిగొచ్చింది. "అవును. అలాగే. అలాగే నేర్పాను నీకు."

వెనక ఎవరో కిసుక్కున నవ్వారు. సబ్జలీ చచ్చిపోవడానికి సిద్ధపడ్డాడు. చావు రాలేదు. అది నవ్వు, అంతే. తుమ్ములాగా వచ్చింది, అయిపోయింది.

"కేసు ఖతం!" అని గర్జించాడు కిమ్మత్‌షో. రెండు స్తంభాలకీ, ఇద్దరు అత్తయ్యలకీ కలిపి దారంతో కట్టేసి ఉన్నాడు. "మొదటి క్షణంలోనే అనుమానించాను! అందుకే వీణ్ణి కళ్ల ముందు పెట్టుకు తిరిగాను!"

"మరి మేకో?" అంది ఒక అత్తయ్య, ఊపిరాడక.

"మేక వేరే కేసు."

నాజ్‌బేగిమ్ లేచింది. షకర్‌మో ఆమె కేసి చెయ్యి చాపి, "అమ్మాయ్, నిన్ను దొంగన్నాను. నా నోరు పడిపోనూ," అంది.

"మీ మాటకేం లేదత్తయ్యా. మీరు చూసింది మీరన్నారు." ఆమె సబ్జలీ ముందుకొచ్చి నిలబడింది. "నువ్వు చెప్పలేదు. నీ చేతులు చెప్పాయి. నేను పెళ్లి చేసుకునేది వాటిని కాదుగా?"

సబ్జలీ తలెత్తాడు. "నేనల్లాను."

"స్తంభమెక్కే మనిషిని, నాకు చెవులు కాస్త మందం."

"నేనల్లాను!" కప్పు కన్నంలోంచి పిచ్చుక ఒకటి ఎగిరిపోయింది. "అన్నీ నేనే! మామయ్య జత కూడా! అది కొంచెం బిగుతుగా అల్లాను, కావాలనే!"

ఈసారి ఇల్లంతా నవ్వింది. నాజ్‌బేగిమ్ నవ్వలేదు. అరుగు మీద కూర్చుని, చిరుగులు పడ్డ మగవాళ్ల మేజోడులో ఉన్న తన పాదం చాపి అతని మోకాలి మీద పెట్టింది, అందరి ముందూ.

"మీవాళ్లందరికీ కానుకలు అందాయి. నాకు ఎవరూ ఏమీ అల్లలేదు. పెళ్లి నాటికి కావాలి. జీపులో తెర వెనక కాదు, జీపు బానెట్టు మీద కూర్చుని అల్లాలి, డ్రైవర్లంతా చూస్తుండగా."

సబ్జలీ ఆమె పాదాన్ని జానతో కొలిచాడు. చెవులు ఎర్రగా కాలుతున్నాయి, అయినా రెండోసారి కొలిచాడు. షకర్‌మో భోషాణం తెరిచి ఎర్ర ఉన్ని తీసి కొడుకు ఒళ్లో పడేసింది. తరవాత ఊడిపోయిన దారాల గుట్టనంతా పోగుచేసి తమ్ముడి చేతుల్లో పెట్టింది.

"డిటెక్టివు గారూ, దీని కొస ఎక్కడుందో కనిపెట్టండి."

కిమ్మత్‌షో ఆ గుట్టని వెలుతురుకి ఎత్తి, ఒక కన్ను మూసి, చాలాసేపు చూశాడు. కాలరు సవరించుకున్నాడు.

"ఇది మామూలు చిక్కు కాదు," అన్నాడు. "దీని వెనక విదేశీ హస్తం ఉంది."