పేరు లేని ముప్ఫై ఆరు

ఆ మంగళవారం వెర్నా స్వొబొడా పెట్టుకున్న పని చాలా చిన్నది. గసగసాలు కూరిన తీపి బన్ను, కొలాచీ, ఒకటి తినాలి. కాలేజీ ప్రవేశ పరీక్ష మార్కుల కవరు విప్పాలి. పదకొండో తరగతిలోని నలభై రెండు మంది కాగితాలనూ ఎవరి ఫైల్లో వాళ్లవి పెట్టి, అల్మారాకు తాళం వేసి, భోజనానికి వెళ్లాలి. డ్రై ఫోర్క్ హైస్కూల్లో ఆవిడ ముప్ఫై ఒక్క ఏళ్లుగా రికార్డుల గుమాస్తా. మే నెలలో రిటైరవుతోంది. ఇన్నేళ్లలో ఒక్కరి మార్కు కూడా ఆవిడ నోటి నుంచి బయటికి రాలేదు.

కొలాచీ సగంలో ఉండగా ఆవిడ నమలడం ఆపేసింది. ఒక అమ్మాయి కాగితం మీద ముప్ఫై ఆరుకి ముప్ఫై ఆరు. స్కూలు పెట్టి నూట నాలుగేళ్లయింది. ముప్ఫై రెండు దాటిన వాళ్లు లేరు.

ప్రిన్సిపాల్ గ్యారీ లింగ్రెన్ ఆవిడ భుజం మీంచి చూశాడు. పేరు పదింటికల్లా రోడ్డు మీది బోర్డుకెక్కాలన్నాడు. వెర్నా ఆ అమ్మాయి ఫైలు తీసి బల్ల మీద పెట్టింది. అట్ట మీద ఎర్ర చీటీ ఉంది.

ఆ చీటీకి ఒక చరిత్ర ఉంది. పిల్లల పేర్లు పత్రికలకూ, కాలేజీలకూ, సైన్యానికీ ఇవ్వవచ్చా అని స్కూలు ఏటా ఆగస్టులో తల్లిదండ్రులను అడుగుతుంది. చాలామంది చదవకుండానే సంతకం పెడతారు. రెండేళ్ల కింద సైన్యంలో చేర్చుకునే వాళ్లు మంగలి మెల్విన్ కుసెరా కొడుకు కోసం సరిగ్గా రాత్రి భోజనం వేళకే పదకొండు సార్లు ఫోన్ చేశారు. మెల్విన్ స్కూలును నడిపే బోర్డులో సభ్యుడు కూడా. పన్నెండోసారి మోగకముందే కొత్త నిబంధన రాసి నెగ్గించుకున్నాడు. తల్లిదండ్రులు కోరి ఎర్ర చీటీ వేయించిన బిడ్డ గురించి ఎవరికీ, ఏదీ, ఎప్పుడూ చెప్పకూడదు. ఇంటివాళ్లకైనా ఫోన్లో చెప్పకూడదు, సీలు వేసిన కవర్లోనే పంపాలి. బిడ్డకు చెప్పాలన్నా ఆ తర్వాతే.

నలభై రెండు మందిలో ఎర్ర చీటీ అడిగిన తండ్రి ఒక్కడే. అది కనిపెట్టినవాడే. ముప్ఫై ఆరు తెచ్చుకున్నది అతని కూతురు టెస్సా. జామెట్రీలో అత్తెసరు మార్కులు, నోటు పుస్తకం అంచుల నిండా గుర్రాల బొమ్మలు. ఆ పిల్ల గురించి ఎవరైనా అడిగితే, "పశువులతో బాగా కలిసిపోతుంది" అంటాడు తండ్రి.

గ్యారీ తల పట్టుకున్నాడు. మెల్విన్‌కి సీలు కవరు పంపించాడు. పది దాటాక రోడ్డు మీది బోర్డులో ఇలా పెట్టించాడు: మన విద్యార్థి ఒకరికి ముప్ఫై ఆరు. అభినందనలు. ఎవరో చెప్పలేం.

ఆ చివరి మాట లేకపోతే ఊరు రెండు రోజుల్లో మరిచిపోయేది.

మధ్యాహ్నానికి కాఫీ హోటల్లో పందాలు మొదలయ్యాయి. వెర్నా ఫోను ఆగకుండా మోగింది. మా వాడేనా అని ఎవరడిగినా ఆవిడ "చెప్పలేను" అంది. కాదని కూడా చెప్పలేదు. ఒకరికి కాదంటే, ఎవరికి అనలేదో వాళ్లు దొరికిపోతారు. అదీ ఆవిడ లెక్క. కానీ ఆవిడ గొంతు ఊళ్లో ప్రతి తల్లికీ ఒక్కో రకంగా వినిపించింది. పళ్ల డాక్టరు భార్య అందులో చిరునవ్వు వినిపించిందని బేకరీకి కేకు చెప్పింది. బుధవారం సాయంత్రానికి ముప్ఫై ఆరు అంకె వేసిన కేకులు ఊళ్లో నాలుగయ్యాయి. అందులో రెండు కేకుల యజమానులు చర్చి వంటగదిలో ఎదురుపడ్డారు. అప్పటినుంచి వాళ్ల మధ్య మాటల్లేవు.

ఈ కబుర్లన్నీ చివరికి మెల్విన్ కుర్చీ దగ్గరికే చేరాయి. అతను కత్తెర ఆడిస్తూ అన్నీ విన్నాడు. స్కూలు నుంచి వచ్చిన కవరును మిగతా స్కూలు కవర్లతో పాటు దువ్వెనల సొరుగులో పడేశాడు. బోర్డు సభ్యుడికి వారానికి నాలుగు వస్తాయి. ఒక్కటీ విప్పడు.

"పేరు లేని మార్కు మార్కెలా అవుతుంది?" అన్నాడు సబ్బు నురగలో ఉన్న పెద్దమనిషితో. "ఏదో దాస్తున్నారు. నిజంగా వస్తే పేరుండేది."

గురువారం పొద్దున్నే నోటీసు అంటించాడు. శుక్రవారం నాలుగింటికి బోర్డు అత్యవసర సమావేశం. పేరు బయటపెట్టాలి, లేదా వెర్నా స్వొబొడాను ఉద్యోగం నుంచి తీసేయాలి.

ఆ నోటీసు ముందు వెర్నా కాసేపు నిలబడింది. ముప్ఫై ఒక్క ఏళ్ల నోటి కట్టుబాటు ఒక సాయంత్రంతో తేలబోతోంది. పేరు చెబితే నిబంధన తప్పినట్టు. చెప్పకపోతే ఇంటికి. తర్వాత లోపలికెళ్లి దరఖాస్తుల కట్ట ఒకటి తెచ్చి కౌంటరు మీద పెట్టింది. సొంత బిడ్డ రికార్డు చూసే హక్కు తల్లిదండ్రులకు ఎప్పుడూ ఉంది. చూపించడానికి స్కూలుకు నలభై అయిదు రోజుల గడువుంది. ఆవిడ రెండు నిమిషాల్లో చూపించింది.

వరస గేటు దాకా సాగింది. ఒక్కొక్కరే లోపలికెళ్లి, కాగితం చూసి, మొహం వేలాడేసుకుని బయటికొచ్చారు. వచ్చినవాళ్లు ఇంటికి పోలేదు. ఇంకెవరు మిగిలారా అని మెట్ల మీద నిలబడి లెక్కపెట్టారు.

మెల్విన్ ఆ వరసను చూసి నవ్వాడు. మీరూ ఒకటి నింపితే పోలేదా అని గ్యారీ బతిమాలినట్టుగా అడిగాడు.

"మా టెస్సా మార్కులు చూడ్డానికి నాకు దరఖాస్తా? పిల్ల ఏపాటిదో నాకు తెలీదా?"

శుక్రవారం మధ్యాహ్నానికి నలభై ఒక్క దరఖాస్తులు వచ్చాయి.

నాలుగింటికి స్కూలు లైబ్రరీ కిక్కిరిసింది. అందరూ తనకేసే చూడటం, చూసి పెదవులు బిగించుకోవడం మెల్విన్ గమనించాడు. న్యాయం తన పక్షానుందన్నమాట అనుకున్నాడు. గది వేడిగా ఉంది. దువ్వెనల సొరుగులోంచి తెచ్చిన కవర్లలో ఒకటి తీసి విసురుకోవడం మొదలుపెట్టాడు. దాని మీది ఎర్ర సీలు వెర్నాకు దూరం నుంచే కనబడింది.

"ఈ ఊరికి తెలుసుకునే హక్కుంది," అంటూ మెల్విన్ కవరుతో బల్ల మీద కొట్టాడు. "ఏమంటారు వెర్నా గారూ?"

వెర్నా లేచింది. "మెల్విన్, ఈ బల్ల దగ్గర కూర్చున్న మీ అయిదుగురూ మన స్కూల్లోనే చదివారు. మీ ఫైళ్లు కూడా నా అల్మారాలోనే ఉన్నాయి. మార్కులు, గైర్హాజరీలు, ప్రిన్సిపాల్ రాసిన చీటీలు. ఇన్నాళ్లూ ఎవరికీ చెప్పలేదు. ఊరికి హక్కుందంటే ఎక్కడ మొదలుపెట్టమంటావు?"

బోర్డు అధ్యక్షుడు నీళ్లు తాగాడు. ఇంకో సభ్యుడు కిటికీలోంచి బయటికి చూశాడు. మెల్విన్ మాత్రం తగ్గలేదు.

"మన సంగతి వదిలేయండి. నలభై రెండు ఇళ్లు. దరఖాస్తులెన్ని?"

"నలభై ఒకటి."

"అంటే ఎవరో ఒక్కరు అడగలేదు. అడగాల్సిన పని లేదు కాబట్టి అడగలేదు. దొంగ దొరికాడు. ఎవరు వాళ్లు?"

"చెప్పలేను," అంది వెర్నా.

వెనక వరసలో ఎవరో దగ్గు తెచ్చుకున్నారు. పళ్ల డాక్టరు భార్య రుమాలు నోటికి అడ్డం పెట్టుకుంది. మూడో వరసలో టెస్సా గుర్రం తోక పూర్తిచేసి పెన్సిలు పక్కన పెట్టింది. ఆ పాటికి క్లాసంతా లెక్క తేల్చేసింది.

"నాన్నా," అంది, "విసురుకున్నది చాలు. దాన్ని చింపు."

మెల్విన్ కవరు వైపు చూశాడు. కూతురి వైపు చూశాడు. చింపాడు. చదివాడు. కాగితం తిప్పి వెనక కూడా చూశాడు. అతను ఎప్పుడు కూర్చున్నాడో ఎవరికీ తెలియలేదు. తీర్మానం ఇంకా ఉందా అని అధ్యక్షుడు రెండుసార్లు అడిగాడు. మూడోసారికి మెల్విన్ తల అడ్డంగా ఊపాడు.

కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు. "రోడ్డు మీది బోర్డులో పేరు పెట్టండి. ఇప్పుడే. పెద్ద అక్షరాలతో."

వెర్నా అద్దాలు సర్దుకుంది. "ఎర్ర చీటీ తీయాలంటే రాసివ్వాలి. రాసిచ్చినా వచ్చే ఆగస్టు నుంచే అమలు. ఆరో క్లాజు."

"ఏ తెలివితక్కువవాడు రాశాడది?"

"సమావేశాల పుస్తకంలో ఉంది. అది మాత్రం ఎవరైనా చూడొచ్చు."

రోడ్డు బోర్డు మీది మాట ఆగస్టు దాకా మారలేదు. తండ్రి నోటికి మాత్రం ఏ నిబంధనా లేదు. మెల్విన్ క్రాపుకొచ్చిన ప్రతివాడికీ ముప్ఫై ఆరు కథ చెప్పాడు. ఒకసారి ఆ దారిన పోతున్న పశువుల దాణా కంపెనీ మనిషి నమ్మలేదు. మెల్విన్ కత్తెర కింద పెట్టి, స్కూలుకు ఫోన్ కలిపి, కుర్చీలోని మనిషికి కూడా వినబడేట్టు పెట్టాడు.

"వెర్నా గారూ, మా అమ్మాయికి ఎంతొచ్చిందో ఈయనకి కాస్త చెప్పండి."

"చెప్పలేను," అంది వెర్నా.

మే నెలలో ఆవిడ వీడ్కోలుకు కేకు మెల్విన్ తెప్పించాడు. దాని మీద పేరు రాయించలేదు.