నీళ్ళడగని మొక్క

కుళాయిలో నీళ్ళు రాకపోవడం ఒక వరం! కోప్పడకండి. ఆ ఖాళీ బకెట్ కింద పెట్టి, కాసేపు కూర్చుని నేను చెప్పేది వినండి.

మా వీధికి నీళ్ళు రోజు విడిచి రోజు, అదీ గంటసేపు వచ్చేవి. మొదట్లో నేనూ అందరిలాగే నీటి సరఫరా ఆఫీసు చుట్టూ కాళ్ళరిగేలా తిరిగాను. అక్కడి ఇంజినీరుగారు నా అర్జీ తీసుకుని, ఆసాంతం చదివి, జాగ్రత్తగా మిగతా అర్జీల మీద పెట్టేవారు. అప్పుడు నాకు జ్ఞానోదయమైంది. నీళ్ళు తెప్పించుకోలేనివాడు నీళ్ళక్కర్లేని మొక్కనైనా తెచ్చుకోవాలి!

అలా వచ్చింది మా ఇంటికి సేజ్‌బ్రష్. దవనానికి పెద్దమ్మ కూతురు వరస. వెండిరంగు ఆకులు, ఘాటైన వాసన, మా చుట్టాల్లో ఎవరికీ లేని సహనం. ఎండ బాగా తగిలేచోట, ఇసుకా గులకరాళ్ళూ కలిపిన మట్టిలో నాటాలి. వేళ్ళు ఊనుకునేదాకా అప్పుడప్పుడూ ఓ చెంబెడు నీళ్ళు. ఆ తర్వాత ఎరువొద్దు, నీళ్ళొద్దు, పలకరింపులు కూడా వద్దు. ఇలాంటి అల్లుడు ఎక్కడైనా దొరుకుతాడా? ప్రేమ ఎక్కువై రోజూ తడిపితే మాత్రం వేరు కుళ్ళి చచ్చిపోతుంది.

మా ఆవిడ మొదటిరోజే పెదవి విరిచింది. "పువ్వూ లేదు, కాయా లేదు. బూజు పట్టినట్టుందండీ" అంది.

"అది బూజు కాదోయ్, పొదుపు!" అన్నాను.

రెండేళ్ళు తిరిగేసరికి వీధంతా వెండిమయం. పక్కింటి టైలరు మల్లెపాదు పీకేసి ఇదే నాటాడు. ఎదురింటి లెక్కల మాస్టారు ఏకంగా ఎనిమిది మొక్కలు పెట్టి, రోజూ స్కేలుతో కొలవసాగారు. ఇక లాభాలు చూడండి! బిందెలు మోసే పని తగ్గి నడుం నొప్పులు పోయాయి. గిన్నెలు తోమడానికి నీళ్ళు చాలవని వంట తగ్గించాం, దాంతో ఒళ్ళు తగ్గింది. స్నానానికి అర బకెట్టే అని తెలిసి చుట్టాలు రెండోపూట ఆగడం మానేశారు. ఇంతకన్నా ఏం కావాలి?

ఈ కీర్తి ఆ నోటా ఈ నోటా ఇంజినీరుగారి చెవిన పడింది. స్వయంగా జీపులో వచ్చారు! గేటు గేటు ముందూ ఆగి, ఆకు నలిపి వాసన చూసి, నా భుజం మీద చెయ్యేసి ఫోటో దిగారు.

"ఆదర్శ వీధి సార్ మీది! నీళ్ళు లేకుండా ఇంత తోటా? మీలాంటివాళ్ళుంటే మాకు దిగులేముంది!" అన్నారు.

నేను ఉబ్బితబ్బిబ్బైపోయి ఓ కొమ్మ కూడా కోసిచ్చాను. కిటికీలోంచి మా ఆవిడ వద్దు వద్దని సైగలు చేస్తూనే ఉంది. నేను అటు చూస్తేగా!

వారం తిరక్కుండా ఉత్తర్వు వచ్చింది. మా వీధికి ఇకమీదట నాలుగు రోజులకోసారే నీళ్ళు. మిగతావి పై వీధికి మళ్ళించారట. అక్కడ లాన్‌లు ఎండిపోతున్నాయట, పాపం! పరుగున వెళ్ళి అడిగాను.

"మీకేంటి సార్, అలవాటు పడిపోయారు. వాళ్ళు తట్టుకోలేరు కదా!" అన్నారు ఇంజినీరుగారు.

ఇంటికొచ్చేసరికి వంటింట్లో తాగడానికి ఒక్క బిందె మిగిలింది. మా ఆవిడ దాని మీద మూత పెడుతూ, "ఓర్చుకుంటున్నామని ఫోటో దిగి మరీ చెప్పుకున్నాం. ఇంకేం చేస్తారు?" అంది. నిజం చెప్పొద్దూ, నాకు చాలా సిగ్గేసింది.

మర్నాడు ఆవిడ నర్సరీకి వెళ్ళి ఆరు గులాబీ కుండీలు తెచ్చి, గేటు బయట వరసగా పెట్టింది. రెండు రోజులకే అవి తలలు వాల్చేశాయి. చూడలేక నేను చెంబు పట్టుకుని బయల్దేరితే చెయ్యి పట్టి ఆపేసింది.

"పొయ్యకండి. ఆయన జీపు రేపు ఇటే వస్తుంది" అంది.

కనుక పాఠకులారా, సేజ్‌బ్రష్ మహా మంచి మొక్క. తప్పకుండా పెంచండి, కాకపోతే పెరట్లో. వీధివైపు మాత్రం తొందరగా వాడిపోయేదేదైనా పెట్టుకోండి. నీళ్ళిచ్చేవాళ్ళు అటునుంచే వెళ్తుంటారు.