మా బావమరిది సెలవు చీటీ

ఉద్యోగం చేసేవాళ్లను చూస్తే నాకు జాలి! ఎవరో పెద్దమనిషి గంట కొడితే లేవాలి, కూర్చోమంటే కూర్చోవాలి. అదే సొంత వ్యాపారమైతే? గంటా మనదే, కుర్చీ మనదే. మనిషిగా పుట్టినందుకు ఒక్కసారైనా సొంత షాపు షట్టర్ ఎత్తి చావాలని నా నిశ్చితాభిప్రాయం.

ఇది గాలిలో కట్టిన సిద్ధాంతం కాదు. ప్రయోగం చేసి చూశాను. నా మీద కాదు లెండి, మా బావమరిది మీద!

వాడు పన్నెండేళ్లపాటు ఒక ఆఫీసులో సెలవుల సెక్షన్ గుమాస్తా. నలుగురి సెలవు చీటీలూ పరిశీలించడం, వీలైతే తిప్పికొట్టడం వాడి పని. "బావా, మా బాస్ ముఖం చూడలేక చస్తున్నా" అన్నాడొక రోజు. "చూడ్డమెందుకురా? నువ్వే బాస్ అయిపో!" అన్నాను. ఉచిత సలహాల విషయంలో నాది పెద్ద చెయ్యి.

తాళాల పని వాడికి చిన్నప్పుడే వచ్చు. మందుల షాపుకీ టైలర్ కొట్టుకీ మధ్య మంచం పట్టేంత గది తీసుకుని తాళంచెవుల షాపు పెట్టాడు. గోడ నిండా మేకులు, మేకు మేకుకీ గుత్తులు. చెవులు కోసే మిషన్ గీమంటుంటే ఇనప రజను చొక్కా మీద రాలుతూ ఉంటుంది. ఎంత స్వేచ్ఛ!

కాకపోతే ఒక చిన్న పొరపాటు జరిగింది. వాడు ఉద్యోగాన్ని వదిలాడు గానీ, ఉద్యోగం వాణ్ణి వదల్లేదు. షాపు తెరిచిన రోజే హాజరు పట్టీ కొనుక్కొచ్చాడు. తొమ్మిదింటికల్లా సంతకం పెట్టాలి. అయిదు నిమిషాలు ఆలస్యమైతే తనకు తానే మెమో! సెలవు కావాలంటే మూడు రోజుల ముందు రాతపూర్వకంగా దరఖాస్తు చేసుకోవాలి. చేసుకునేదీ వాడే, పరిశీలించేదీ వాడే. నాలుగేళ్లలో పదకొండు దరఖాస్తులు వచ్చాయి. పదకొండూ తిరస్కరించాడు.

నవ్వకండి! ఇంత నిష్పక్షపాతమైన బాస్ మీకు దొరికాడా? ఆఫీసులో ఉన్న రోజుల్లో వాడు ఒకే అమ్మమ్మను మూడుసార్లు చంపాడు, మూడుసార్లూ లీవు ఇచ్చారు. ఈ బాస్ దగ్గర ఆ పప్పులు ఉడుకుతాయా? అమ్మమ్మ ఎప్పుడు పోయిందో ఈయనకి తేదీతో సహా తెలుసు. పోనీ కసితీరా తిట్టుకుందామంటే క్యాంటీన్ లేదు, తోటి ఉద్యోగి లేడు. తిట్టినా తనకే తగులుతుంది. సొంత వ్యాపారం మనిషిని సత్యవంతుణ్ణీ మితభాషినీ చేస్తుందనడానికి ఇంకేం సాక్ష్యం కావాలి? ఒకసారి జ్వరమొచ్చి సెలవడిగితే, "నూటరెండు దాటలేదు గనుక విధులకు హాజరు కావలెను" అని తన దరఖాస్తు మీద తానే రాసుకుని, వణుక్కుంటూ వెళ్లి షట్టర్ ఎత్తాడు మహానుభావుడు.

అసలు సంగతికొస్తాను. వాడికి ఎనిమిదేళ్ల కూతురుంది, ఇంట్లో అందరికీ బుడంకాయ. స్కూలు నాటకంలో మొదటి ఏడు చెట్టు వేషం వేసింది, రెండో ఏడు గుర్రానికి వెనక కాళ్లు. రెండూ తండ్రి చూడలేదు. ఈ ఏడు మంత్రి వేషం, ఏకంగా ఏడు డైలాగులు! "ఈసారి కూడా రాకపోతే నీతో కటీఫ్ నాన్నా" అంది.

శనివారం మూడింటికి నాటకం. బుధవారమే దరఖాస్తు పెట్టాడు. కారణం: కూతురు మంత్రి అయినందున. రెండు రోజులు తర్జనభర్జన పడి, శుక్రవారం సాయంత్రం మంజూరు చేశాడు! కింద ఒక్క షరతు: కస్టమర్ ఉన్నచో చెల్లదు.

శనివారం రెండున్నరకి ఇస్త్రీ చొక్కా తొడుక్కుని, తల దువ్వుకుని, షట్టర్ సగం దించాడు. సరిగ్గా అప్పుడే ఒక కస్టమర్ వంగి లోపలికి దూరాడు. బీరువా తాళంచెవికి డూప్లికేటు కావాలట. ఉన్నది పోయిందా అంటే, లేదు, చేతిలోనే ఉంది. ఎందుకైనా మంచిదని ఇంకొకటట!

ఆ కస్టమర్ని నేనే.

"రేపు చేసిస్తా బావా, పిల్ల నాటకం ఉంది" అన్నాడు.

"వెళ్లరా, నిన్నెవడాపాడు? నీ షాపు, నీ ఇష్టం! రెండు నిమిషాల పని, చేసిచ్చేసి వెళ్లు."

బావ మాట కాదనలేక మిషన్ ముందు కూర్చున్నాడు. ఊరికే నిలబడటమెందుకని, ఇందాక మీకు చెప్పిన సిద్ధాంతమంతా వాడికి వినిపించాను. వింటూ వింటూ ఒక పన్ను ఎక్కువ కోసేశాడు. కథ మళ్లీ మొదటికొచ్చింది. ఈలోగా తాళంచెవి లోపల పెట్టి తలుపేసుకున్న టీచరమ్మ వచ్చింది. ఆవిడ వెనకే టైలరు స్కూటర్ తాళంచెవి విరగ్గొట్టుకుని వచ్చాడు. సగం దించిన షట్టర్ అంటే సగం తెరిచినట్టే కదా! వాడు గడియారం వంక చూసినప్పుడల్లా, "నీకేంరా, అడిగేవాడా, ఆపేవాడా!" అని నేను ధైర్యం చెబుతూనే ఉన్నాను.

నాలుగున్నరకి వాడి భార్య బుడంకాయను వెంటబెట్టుకుని వచ్చింది. పిల్లకి దూది గడ్డం ఒక చెంప మీద ఊడి వేలాడుతోంది.

"ముందు వరసలో నీ కుర్చీ మీద నా బ్యాగు పెట్టాను నాన్నా. ఎవరో తీసేసి కూర్చున్నారు" అంది. ఏడవలేదు. కళ్లు తుడుచుకున్నది వాడే.

"తప్పైపోయిందమ్మా" అన్నాడు.

నాకూ ఎలాగో అనిపించింది. మాట మారుద్దామని, "ఏమే బుడంకాయ్, పెద్దయ్యాక ఉద్యోగం చేస్తావా, షాపు పెడతావా?" అన్నాను.

అది నన్ను ఎగాదిగా చూసింది. "నీకివాళ ఆఫీసు లేదా మామయ్యా?"

"ఉందమ్మా. సెలవు పెట్టాను."

"ఎందుకు?"

"ఎందుకూ లేదు. వాడకపోతే ఏడాది చివర్లో మురిగిపోతాయి. అందుకని ఊరికే పెట్టా."

పిల్ల ఊడిన గడ్డాన్ని చెంపకు అదుముకుంది.

"మురిగిపోయేది ఒకటి మా నాన్నకివ్వవా?" అంది.