మూడో సిలిండరులో చప్పుడు

ఆ రోజు పొద్దున్న పుల్ల మేస్త్రి వేసుకున్న ప్లాను చాలా చిన్నది. టీ తాగాలి, వ్యాను స్టార్ట్ చేయాలి, భార్యను ముందు సీట్లో కూర్చోబెట్టుకుని తీసుకెళ్ళి సముద్రం చూపించాలి. అది పెళ్ళయిన కొత్తలో ఇచ్చిన మాట. అప్పుడాయన తలమీద జుట్టుండేది, నోటినిండా పళ్ళుండేవి. ఆ తర్వాత ఎందరి బళ్ళనో బాగుచేసి సముద్రానికి సాగనంపాడు గానీ తన వంతు మాత్రం రాలేదు. ఇప్పుడైనా వచ్చిందంటే, తుక్కు కింద పోతున్న ముసలి డీజిల్ వ్యానొకదాన్ని ఆపి, షెడ్డులో పెట్టుకుని, పిస్టన్ రింగులూ బేరింగులూ కొత్తవి వేసి బతికించాడు కనక. రేపటి నుంచి అది మార్కెట్టుకు సరుకు మోయాలి. ఒకసారి బాడుగకు కుదిరిందంటే ఇక బండికీ సెలవుండదు, మేస్త్రికీ ఉండదు. ఉన్నది ఈ ఒక్క రోజే.

భార్య అందరికంటే ముందే తయారై, లేత నీలం చీర కట్టుకుని ముందు సీట్లో కూర్చుంది. ఒళ్ళో ఒక ఖాళీ గాజు సీసా. సముద్రం నీళ్ళు అందులో నింపి తెచ్చుకుని వంటింటి కిటికీలో పెట్టుకుంటుందట. వెనక సీట్లో కొత్త చొక్కా తొడుక్కుని ఆమె తమ్ముడు, అతని మెడలో కెమెరా. అలల ముందు అక్కాబావలను నిలబెట్టి, నవ్వుతుండగా ఫొటో తీయడం అతని వంతు. ఆ నవ్వు కోసమే మేస్త్రికి ఈమధ్యే పై వరసకు పళ్ళ సెట్టు కట్టించారు. "కొత్తలో కాస్త ఇబ్బందిగానే ఉంటుంది, మెల్లిగా అలవాటవుతుంది" అన్నాడు పళ్ళ డాక్టరు. సంసారం గురించి కూడా పెద్దవాళ్ళు ఇలాగే అన్నారని మేస్త్రికి గుర్తొచ్చింది.

"ఏమండీ, సముద్రం రాత్రీ పగలూ ఆగకుండా కదుల్తూనే ఉంటుందా?"

"స్లోలో పెట్టిన ఇంజన్ లాగా. ఆపడానికి తాళమే ఉండదు," అన్నాడు మేస్త్రి.

ఆమె కళ్ళు మూసుకుని ఆ తాళం లేని ఇంజన్ను ఊహించుకుంది. మేస్త్రి వ్యాను స్టార్ట్ చేశాడు. అది రెండుసార్లు దగ్గి, నల్లగా కాస్త పొగ వదిలి, తర్వాత కడుపునిండిన పిల్లిలా గురగురమంది. అక్కడితో ఊరుకుని గేరు వేసి ఉంటే ఈ కథే లేదు. కానీ రిపేరు చేసిన ఏ బండినైనా బయటికి పంపేముందు పుల్ల పెట్టి వినకుండా పంపడం ఆయన జన్మలో లేదు.

ఆ పుల్ల వల్లే ఆయనకా పేరు. అది మూరెడు పొడుగు ఇనప కడ్డీ, ఒక కొసన చెక్కపిడి. కడ్డీ మొన ఇంజనుకు ఆనించి, పిడిని పళ్ళ మధ్య కరిచిపట్టి, రెండు చెవులూ వేళ్ళతో మూసుకుంటాడు. ఇంజన్ చప్పుడు కడ్డీ వెంట పంటిలోకి, పంటి నుంచి పుర్రెలోకి ఎక్కుతుంది. కళ్ళు మూతలు పడతాయి. ఇంజన్ లోపల ఒక ఇల్లు కనిపిస్తుంది ఆయనకు. వాల్వులు తలుపులు తీస్తూ మూస్తూ ఉంటాయి, నూనె గోడల మీద నుంచి మెల్లగా జారుతూ ఉంటుంది, పిస్టన్లు ఊయల ఊగుతుంటాయి. ఆ ఇంట్లో ఆయన చెప్పులు విడిచి గదిగదీ తిరిగివస్తాడు.

ఆ రోజు ఆ ఇంట్లో ఎవరో తలుపు కొడుతున్నారు. టక్, టక్, టక్.

మేస్త్రి కళ్ళు తెరిచాడు. పుల్ల ఇంకోచోట పెట్టాడు. అక్కడా టక్కే. "కొడుతోంది," అన్నాడు, మొహం వాడిపోయి.

"నాకేం వినపడట్లేదండీ," అంది భార్య.

"నీకెలా వినపడుతుంది? ఇది లోపలి చప్పుడు."

బావమరిది దిగివచ్చి బానెట్టులో తల పెట్టాడు. బావ చెవికి ఊళ్ళో ఉన్న పేరు అతనికి తెలుసు. వినపడలేదంటే పరువేముంది? "అవును బావా, కొడుతోంది. వెనక వైపు నుంచి. ఆ పెద్ద చక్రం, ఫ్లైవీలు కావచ్చు," అన్నాడు.

గొంతులు విని పక్కింటి డ్రైవరు బాబాయి వచ్చాడు. ఆయన ఒకప్పుడు బస్సు నడిపి రిటైరైన మనిషి. అప్పట్నుంచీ నడపడానికి ఏమీ లేక వీధిని నడుపుతున్నాడు. మేస్త్రి మర్యాదకు పుల్ల ఆయన చేతికిచ్చాడు.

"నీ ఎంగిలి పుల్ల నాకెందుకయ్యా, దేవుడిచ్చిన చెవి చాలదూ?" అని బాబాయి పుల్లను దూరంగా పట్టుకునే, మెడ వంచి, కనుబొమలు ముడిచి, చాలాసేపు విన్నాడు. డీజిల్ ఇంజన్ ఏదో ఒక చప్పుడు చేస్తూనే ఉంటుంది. వినాలనుకున్నవాడికి అందులో వినపడనిది లేదు. "మూడో సిలిండరు. సందేహం లేదు," అన్నాడు.

దోషం ఏ సిలిండరుదో తేలాలంటే ఒక పద్ధతుంది. ఒక్కో సిలిండరుకూ డీజిల్ వెళ్ళే పైపు నట్టు వదులు చేస్తే అది పని మానేస్తుంది. ఏది మానినప్పుడు టక్కు తగ్గితే దోషం దానిది. మేస్త్రి మూడో దాన్ని వదులు చేసి, పుల్ల కరిచి విన్నాడు. ఇంజన్ ఊగిపోయింది, టక్కు తగ్గడానికి బదులు పెరిగింది. మొదటిది వదులు చేశాడు. ఇంకా పెరిగింది. ఏది ఆపినా పెరుగుతోంది! ఇంతకాలం పనిలో ఇలాంటి రోగం ఆయన చూడలేదు.

"బేరింగు సరిగ్గా కూర్చోలేదేమో," అన్నాడు నెమ్మదిగా. అంటే తన చేతిపనే తప్పన్నమాట. ఆ మాట అనడానికి ఆయనకు నోరు రాలేదు, అయినా అన్నాడు.

వ్యాను కింద జాకీ పెట్టారు. "కాసేపు దిగవే," అన్నాడు మేస్త్రి.

"దిగను. దిగితే మళ్ళీ ఎక్కుతానని నమ్మకం లేదు," అంది ఆమె.

ఆమెతో సహా వ్యాను గాల్లోకి లేచింది. కింద మేస్త్రి ఆయిల్ చాంబర్ విప్పుతూ బోల్టుతో కుస్తీ పట్టినప్పుడల్లా పైన సీటు మెల్లగా ఊగింది. ఆమె సీసాను గుండెలకు హత్తుకుని కిటికీలోంచి చూసింది. ఎదురుగా షెడ్డు గోడ, దానిమీద తడి మరక. అది చూస్తూ చూస్తూ ఉంటే నీలంగా మారి, మెల్లమెల్లగా కదలడం మొదలుపెట్టింది.

"ఏమండీ, పడవలో ఉన్నట్టుంది," అంది పైనుంచి.

కింద మేస్త్రి మొహం మీద నూనె కారుతోంది. "ఊఁ," అన్నాడు.

బేరింగులు చక్కగా కూర్చునే ఉన్నాయి. వేలితో తడిమితే వెన్నలా ఉన్నాయి. అన్నీ బిగించి, నూనె పోసి, స్టార్ట్ చేసి, పుల్ల పెట్టాడు. టక్, టక్, టక్.

"డీజిల్లో నీళ్ళు కలిసుంటాయి," అన్నాడు డ్రైవరు బాబాయి. మూడో సిలిండరును వదులుకోవడం ఇష్టం లేక, "ఆ నీళ్ళన్నీ మూడోదాంట్లోకే పోతాయి," అని కూడా కలిపాడు. టాంకు దించి డీజిలు తీయాలంటే పట్టడానికి పాత్రలు కావాలి. బక్కెట్లు వచ్చాయి. అవి నిండితే, దారికోసం సర్దుకున్న మంచినీళ్ళ డబ్బా ఒంపేసి దాంట్లోనూ పట్టారు. ఈలోగా ఫ్లైవీలు చూస్తానని కిందికి దూరిన బావమరిది చెమటలు కక్కుతూ బయటికొచ్చి, ఎవరినీ అడక్కుండా ఆ డబ్బా ఎత్తి నెత్తిన గుమ్మరించుకున్నాడు.

అతని కేక వీధి చివరిదాకా వెళ్ళింది.

"ఏమైంది?" అని జనం. ఇంతలో డ్రైవరు బాబాయి, "ఇంజన్ కొడుతోంది. ముదిరిందంటే మూడో పిస్టన్ పగలగొట్టుకుని బయటికి దూసుకొస్తుంది. ఎవరూ ఇటు రాకండి!" అని చేతులు అడ్డం పెట్టి ట్రాఫిక్ ఆపాడు. ఎదురుగా ఉన్న టైలరు తన మిషను లోపలికి ఈడ్చుకుని తలుపేసుకున్నాడు. మేడమీదావిడ ఆరేసిన బట్టలన్నీ తీసేసింది. పిస్టనుకు బట్టలతో ఏం పనో ఎవరూ అడగలేదు. డీజిలు వాసనతో బావమరిది ఒక మూల నిలబడ్డాడు. అతని దగ్గర అగ్గిపుల్ల గీయవద్దని బాబాయి ఒకటికి రెండుసార్లు ప్రకటించాడు. సముద్రం చూద్దామని బయల్దేరిన ప్రయాణం ఇల్లు పీకి పందిరి వేసినట్టయింది.

నీడలు అటునుంచి ఇటు వాలాయి. డీజిల్లో చుక్క నీరు లేదని తేలింది. టాంకు బిగించి డీజిలు మళ్ళీ పోశారు, జాకీ దించారు. మేస్త్రి కుర్చీలో కూలబడ్డాడు. భార్య మొదటిసారిగా వ్యాను దిగి వచ్చి, దారికోసం తెచ్చిన రొట్టె ముక్క చేతిలో పెట్టింది.

"పోనివ్వండి. ఇంకోసారి చూద్దాం," అంది.

కోప్పడినా బాగుండేది. ఆమె కళ్ళలో నీళ్ళు చూసి మేస్త్రి తల దించుకున్నాడు.

"ఒకటి చెప్పనా? అందరికీ వినపడుతోంది, నాకొక్కదానికే వినపడట్లేదు. నా చెవులు పోయాయేమోనండీ," అంది మళ్ళీ, నెమ్మదిగా. ఆ మాట చెప్పేసి సీసా పట్టుకుని వెళ్ళి తన సీట్లో కూర్చుంది.

కొత్త పళ్ళతో నమలడం మేస్త్రికి ఇంకా చేతకాలేదు. సెట్టు తీసి, చేతిరుమాల్లో చుట్టి జేబులో వేసుకుని, రొట్టెను నోట్లో నానబెట్టి చప్పరించాడు. లేచి, చివరిసారి అనుకుంటూ ఇంజన్ స్టార్ట్ చేసి, పుల్ల పిడిని పై చిగురుకూ కింది పళ్ళకూ మధ్య అదిమిపట్టి, చెవులు మూసుకున్నాడు.

ఇల్లంతా నిశ్శబ్దంగా ఉంది. వాల్వులు మెత్తగా తలుపులు వేస్తున్నాయి. నూనె జారుతోంది. ఊయలలు ఊగుతున్నాయి. తలుపు కొట్టేవాడు వెళ్ళిపోయాడు.

తనంతట తాను పోయిన చప్పుడు తనంతట తాను తిరిగొస్తుందని ఏ మెకానిక్కుకైనా తెలుసు. అయినా ఈ మంచి వార్త నలుగురికీ బోసినోటితో చెప్పడం బాగుండదని జేబులోంచి సెట్టు తీసి పెట్టుకున్నాడు. చెప్పేముందు ఇంకొక్కసారి విన్నాడు. టక్, టక్, టక్. వెనక్కి తిరిగి సెట్టు తీశాడు. నిశ్శబ్దం. పెట్టాడు. టక్కు. వదులు సెట్టు ఇంజన్ అదురుకు చెక్కపిడి మీద తాళం వేస్తోంది. సిలిండరు ఆపితే అదురు పెరిగింది, తాళమూ పెరిగింది. చంకలో పిల్లాణ్ణి పెట్టుకుని సంతంతా వెతికినవాడు నయం, చంక బయటే ఉంటుంది. సిగ్గుతో మేస్త్రి చెవులు కాలిపోయాయి. వెంటనే నవ్వొచ్చింది, ఆ నవ్వు ఎవరికీ కనపడకుండా బానెట్టులో తల దాచుకోవాల్సి వచ్చింది.

"ఏం మేస్త్రీ, దొరికిందా?" అన్నాడు బాబాయి.

మేస్త్రి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు. "దొరికింది బాబాయ్. ఒక పార్టు వదులైంది. తీసి పక్కన పెట్టాను."

"అది లేకుండా బండి నడుస్తుందా?"

"దానికీ బండికీ సంబంధం లేదు."

బాబాయి మెడ వంచి విన్నాడు. మొహం విప్పారింది. "ఆహా! ఇప్పుడు చూడు, మూడోది పట్టులా తిరుగుతోంది. నేను పొద్దున్నే చెప్పలా?"

బావమరిది వీధి కుళాయి కింది నుంచే అరిచాడు. "అవును బావా, ఫ్లైవీలు కూడా సర్దుకుంది!"

అక్కడక్కడా తలుపులు తెరుచుకున్నాయి. పొద్దుండగానే వ్యాను కదిలింది. దారిలో ఏమైనా తేడా వస్తే పెద్ద దిక్కు ఉండాలని డ్రైవరు బాబాయి అడక్కుండానే వెనక సీటు ఎక్కాడు. డీజిలు వాసన భరించలేక బావమరిదిని ఆ మూల కిటికీ దగ్గర కూర్చోబెట్టాడు.

ఊరు దాటాక భార్య మెల్లగా అడిగింది. "పళ్ళేవీ?"

"జేబులో."

ఆమె ఆయన జేబు వైపు చూసింది, నోటి వైపు చూసింది, కాళ్ళ దగ్గర దొర్లుతున్న పుల్ల వైపు చూసింది. "అంటే..."

"ఊఁ," అన్నాడు మేస్త్రి, రోడ్డు మీంచి చూపు తిప్పకుండా. "నీ చెవులకేం కాలేదు. ఇవాళ మన వీధి మొత్తానికి చెవులున్నది నీకొక్కదానికే."

ఆమె చీర కొంగు నోట్లో కుక్కుకుని నవ్వింది. సీసా ఒళ్ళోంచి జారిపోతే ఆయన ఒక చేత్తో పట్టుకున్నాడు.

పొద్దు వాలేవేళకు రోడ్డు అయిపోయింది, ఇసుక మొదలైంది, ఇసుక చివర అది ఉంది. ఆమె అనుకున్నదానికంటే పెద్దది, అనుకున్నదానికంటే దగ్గరగా వచ్చిపోతోంది. ఆమె మేస్త్రి చెయ్యి పట్టుకుని, పాదాలు తడిసేదాకా నడిచి అక్కడ ఆగిపోయింది. బోసినోటితోనే ఆయన నవ్వాడు, బావమరిది ఫొటో తీశాడు.

డ్రైవరు బాబాయి ఒక్కడే ఒడ్డున చాలాసేపు మెడ వంచి విని, మూడో అల కొంచెం కొడుతోందని చెప్పాడు.