తుఫాను నేర్చుకున్న నడక

సోమవారం ఉదయం శవవాహనం డ్రైవరు వేసుకున్న పథకం చాలా చిన్నది. ఆదివారం ఎనిమిది గంటల్లోపు కుక్కకు బుద్ధిగా నడవడం నేర్పాలి. నేర్పలేకపోతే దాన్ని ఇంట్లోంచి పంపించెయ్యాలి. అపార్టుమెంటు కమిటీ ఆ మేరకు తలుపుకు నోటీసు అంటించింది. కమిటీ అధ్యక్షుడు రిటైరైన హెడ్మాస్టరు కావడంతో "పరీక్ష" అన్న మాట కింద రెండు గీతలు కూడా గీశారు.

కుక్క పేరు తుఫాను. ఆ పేరు పెట్టింది డ్రైవరు భార్య. ఆవిడ పోయి పది నెలలైంది. తన బండిలోనే, తనే నడుపుకుంటూ తీసుకెళ్లి సాగనంపి వచ్చాడు. ఇప్పుడు ఇంటికి రాగానే లేచి ఎదురొచ్చే ప్రాణి తుఫాను ఒక్కటే. అదీ పోతే ఆ ఇంట్లో ఉండగలనన్న నమ్మకం ఆయనకు లేదు. కానీ అది వీధిలోకి వెళ్తే చాలు, కనిపించిన ప్రతి మనిషి మీదికీ ఎగబడి పలకరించేది.

"బిస్కెట్ చూపించి కూర్చోమనండి బావగారూ," అంది కింది అంతస్తులో ఉండే మరదలు.

చూపించాడు. తుఫాను బిస్కెట్‌తో పాటు చొక్కా జేబు కూడా పీక్కుపోయింది.

శిక్షణ కోసం సెలవు అడిగితే దొరకలేదు. చచ్చేవాళ్లు ఆగరు కదా. చేసేది లేక తుఫానును డ్యూటీకే తీసుకెళ్లాడు. శ్మశానం గేటు దగ్గర బండి ఆగుతుంది. అక్కణ్ణుంచి మనుషులు పాడెను మోసుకెళ్తారు, వెనకాల డ్రైవరు నడుస్తాడు. అంతమంది తలలు వంచుకుని నడవడం చూసి తుఫాను కూడా తల వంచుకుంది. వాళ్లు ఆగితే కూర్చుంది. ఎవరో ఏడిస్తే గడ్డం నేలకు ఆనించి సన్నగా మూలిగింది. డ్రైవరుకు ఆనందం పట్టలేదు. అది ఆనందపడే చోటు కాదని గుర్తొచ్చి, మొహం బిగించుకుని గుట్టుగా బిస్కెట్ ఇచ్చాడు. శనివారానికి పదకొండు అంతిమయాత్రలతో చదువు పూర్తయింది.

ఆదివారం పది గంటలకు డ్యూటీ ఉంది కాబట్టి బండిని గేటు దగ్గరే పెట్టుకుని, యూనిఫాంలోనే పరీక్షకు దిగాడు. కుక్క మీద పడుతుందో లేదో చూడ్డానికి మాస్టారు స్వయంగా ముందు నడిచారు. మెట్లు దిగిన ఆయాసంతో మెల్లగా, మాటా పలుకూ లేకుండా నడిచారు. తుఫానుకు అంతకన్నా తెలిసిన నడక లేదు. తల వంచుకుని ఆయన వెనకాల చేరింది.

"ఏంటయ్యా, నన్ను చూసి మొహం అలా పెట్టింది?"

"మర్యాద, మాస్టారూ."

మాస్టారు ఆగారు. తుఫాను కూర్చుంది. సరిగ్గా అప్పుడే మాస్టారి భార్య బాల్కనీలోకి వచ్చింది. గేటు దగ్గర శవాల బండి, యూనిఫాంలో డ్రైవరు, ముందు తన మొగుడు, వెనక తల వంచుకున్న కుక్క. "ఏమండీ!" అని కెవ్వున కేకేసి ఏడుపు లంకించుకుంది. ఏడుపు వినపడగానే తుఫాను గడ్డం నేలకు ఆనించి మూలిగింది.

"వారమంతా శ్మశానంలో తిరిగింది కదా, దానికి ముందే తెలిసిపోతుందేమో," అందొక పొరుగావిడ. ఆ "ఏమో" కాస్తా అయిదు నిమిషాల్లో ఎగిరిపోయింది. ఎవరో కుర్చీ తెచ్చారు. ఎవరో మాస్టారి తమ్ముడికి ఫోన్ చేసి ధైర్యంగా ఉండమన్నారు.

"నాకేం కాలేదు!" అని అరుస్తూనే మాస్టారు చెమటలు కక్కుతూ కుర్చీలో కూలబడ్డారు.

అంబులెన్సు రావడానికి గంట పడుతుందన్నారు. కళ్లన్నీ గేటు దగ్గరున్న బండి మీదికి వెళ్లాయి.

"పాక్కుంటూ అయినా పోతాను కానీ అందులో ఎక్కను!"

"పడుకోవద్దు మాస్టారూ, కూర్చోండి," అన్నాడు డ్రైవరు. "ఇందులో కూర్చుని వెళ్లినవాళ్లు ఇంతవరకు లేరు. మీరే మొదలు."

ఇరవై ఏళ్లలో మొదటిసారి ఆ బండి వేగంగా నడిచింది. వాహనాలు పక్కకు తప్పుకున్నాయి. జనం ఆగి తలలు వంచారు. మాస్టారు కిటికీలోంచి వద్దు వద్దని చెయ్యి ఊపితే ఇద్దరు కాళ్లకు బుద్ధి చెప్పారు. ఆసుపత్రి వాచ్‌మన్ అలవాటుగా మార్చురీ గేటు తెరిచాడు.

డ్రైవరు వరండాలో కూర్చుని భార్యను తలుచుకుని కళ్లు తుడుచుకున్నాడు. కుక్క పోయినట్టేనని, ఆవిడ తనకు మిగిల్చిన ఒక్కదాన్నీ నిలుపుకోలేకపోయానని కుమిలిపోయాడు. ఇంతలో డాక్టరు బయటికి వచ్చింది.

"రక్తనాళాల్లో మూడు చోట్ల అడ్డు ఉంది. మంచి టైముకి తెచ్చారు. రేపటిదాకా ఆగి ఉంటే ఈయన మీ బండిలో పడుకునే వెళ్లేవారు."

మర్నాడు కమిటీ కూర్చుంది. కుక్కను పంపించే కాగితం మీద సంతకం పెట్టడానికి ఎవరూ ముందుకు రాలేదు. పెట్టినవాడి వెనక అది నడుస్తుందేమోనని ప్రతివాడికీ గుబులే. పెన్ను బల్ల చుట్టూ తిరిగి బల్ల మీదికే వచ్చింది. మాస్టారు మాత్రం ఆసుపత్రి నుంచి మార్కులు పంపారు. "నడక: నూటికి నూరు. ఇంకెప్పుడూ నా వెనక వద్దు."

డ్రైవరు పది నెలల తర్వాత మనసారా నవ్వాడు. దానికి తెలిసింది చావు కాదు, బిస్కెట్ అని ఆయనకొక్కడికే తెలుసు. మంగళవారం ఉదయం తుఫానును తీసుకుని కిందికి దిగాడు. దారంతా ఖాళీ, తలుపులన్నీ మూసి ఉన్నాయి. నాలుగడుగులు వేశాక తుఫాను వెనక్కి తగ్గి, తల వంచుకుని ఆయన వెనకాల నడిచింది. ఆగితే కూర్చుంది.

"తెలుసులేవే నీ వేషాలు," అని బిస్కెట్ తీసి ఇచ్చాడు.

అది వాసన చూసి వదిలేసి, గడ్డం నేలకు ఆనించింది.

ఆ పూట డ్రైవరు ఎవరినీ అడక్కుండానే సెలవు పెట్టి, గుండె పరీక్షకు వెళ్లాడు.